మొదటి మలుపు ఎడమకే

నరం లేని నాలుక అని జనం తిడతారు గానీ, దేవుడు దానికి నరం పెట్టకపోవడం కూడా ఒక దయే అని నా నమ్మకం. పెట్టి ఉంటే మన అచ్చు మామయ్య నాలుక ఏనాడో నరం బెణికి మూలపడేది, లోకంలో నవ్వు ఆ మేరకు తగ్గిపోయేది. కాబట్టి నాలుక ఇచ్చినవాడికీ, అందులో నరం మర్చిపోయినవాడికీ (ఇద్దరూ ఒక్కడేలెండి) ఒక దణ్ణం పెట్టుకుని, ఇక కత్తెర అల్లుడి సెలూన్లోకి రండి. కింద జుట్టు మీద కాలు జారకుండా చూసుకోండి, చాలు.

సెలూన్ పొడుగ్గా, ఇరుగ్గా, రైలు పెట్టెలా ఉంటుంది. ఒక పక్క గోడ పొడుగునా అద్దం. అద్దం ముందు రెండు తిరిగే కుర్చీలు. ఎదురు గోడకి ఆనించి పొడుగాటి బెంచీ. ఆ బెంచీ నెత్తిన, పైకప్పుకి జానెడు కింద, టీవీ. అంటే కుర్చీలో కూర్చున్నవాడికి టీవీ అద్దంలో కనిపిస్తుంది. ఇది కత్తెర అల్లుడు కావాలని చేసుకున్న ఏర్పాటే. గొంతు మీద కత్తి ఉండగా ఎవడైనా టీవీ కోసం తల తిప్పితే ఆ పాపం తనకెందుకని. బెంచీ మీద వాళ్ళ సంగతీ అంతే. టీవీ వాళ్ళ నెత్తినే ఉంది గనక వాళ్ళూ అద్దంలోకే చూస్తారు. ఇక ఆ టీవీకి గొంతు ఎప్పుడో పోయింది. మిగిలింది బొమ్మ, బొమ్మ మీద తిరగబడ్డ అక్షరాలు.

అదిగో, అక్కడ పనికొచ్చాడు మామయ్య. ఆయన అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చి పేర్చి జుట్టు నెరిసినవాడు. సీసపు అక్షరం తిరగేసి ఉంటుంది, కాగితం మీద పడితేనే తిన్నగా కనిపిస్తుంది. ఆయన కంటికి మాత్రం తిరగేసిందే తిన్నన. కంప్యూటర్లు వచ్చి అచ్చాఫీసు మూతపడ్డాక ఆ కళ్ళకి లోకంలో ఎక్కడా పని లేకుండా పోయింది. నారు పోసినవాడు నీరు పోయకుండా ఉంటాడా? ఈ అద్దం చూపించాడు. ఆదివారం కార్ల రేసు వస్తే చాలు (నాలుగు చక్రాలూ బయటికి పొడుచుకొచ్చి, మిడతల్లా నేలని కరుచుకుని పరిగెత్తే కార్లు చూశారా, అవే), బెంచీ చివర ఎత్తు స్టూలు ఎక్కి, అద్దంలో తిరగబడ్డ పేర్లనీ అంకెల్నీ గడగడా చదువుతూ, చదివినదానికి రెండింతలు తను కలుపుతూ, షాపునంతా ఉర్రూతలూగించేవాడు. ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చోగా ఎవరూ చూడలేదు.

ఆ రోజు ఏడాది మొత్తానికీ ఆఖరి రేసు. బెంచీ నిండిపోయింది. దర్జీ మెడలో కొలతల టేపు తియ్యకుండానే వచ్చేశాడు. కుర్చీలో ఒకాయన చెవుల దాకా సబ్బు నురగతో, కళ్ళు మాత్రం తెరుచుకుని కూర్చున్నాడు. అయితే మామయ్య గుమ్మంలో అడుగుపెడుతూనే చూసింది వీళ్ళెవరినీ కాదు. బెంచీ పక్కన నిలబెట్టిన నిచ్చెనని.

"ఇదెందుకు అల్లుడూ?"

కత్తెర అల్లుడు కత్తి నూరుకుంటూ చూపు తప్పించాడు. జవాబు అతని బావమరిది ఇచ్చాడు. కరెంటు పని చేస్తాడు, మనిషి మంచివాడే, మాటే కాస్త షాక్ కొడుతుంది.

"టీవీ దించి ఆ అద్దం పైన బిగించేస్తున్నా మామయ్యా. అందరికీ తిన్నగా కనిపిస్తుంది. స్పీకరు కూడా తెచ్చా. ఇక చదివే మనిషితో పనుండదు. ఆ స్టూలు మీద తువ్వాళ్ళ బుట్ట పెట్టుకోవచ్చు బావా."

తువ్వాళ్ళ బుట్ట! మామయ్య గుండెలో కలుక్కుమంది. పెళ్ళిచూపుల్లో పెద్దమనుషుల మధ్య కూర్చున్నవాణ్ణి లేపి, ఆ కుర్చీలో ఇంకొకరి గొడుగు పెట్టినట్టయింది. స్టూలు ఎక్కి, రెండు కాళ్ళూ దాని కాళ్ళకి పెనవేసుకున్నాడు. దించాలంటే స్టూలుతో సహా దించాలన్నమాట.

ఈలోగా బెంచీ మీద గొడవ మొదలైంది. దర్జీది ఊదారంగు కారు పార్టీ. కత్తెర అల్లుడిది పసుపు కారు పార్టీ.

"పోయిన రేసులో మా వాడి చక్రం నట్టు ఇరుక్కుపోబట్టి గానీ, లేకపోతే ఈపాటికి కప్పు మా ఇంట్లో ఉండేది" అన్నాడు దర్జీ.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నట్టు ఊడదీయడం రానివాళ్ళకి కప్పెందుకోయ్, కాఫీ తాగడానికా?" అన్నాడు కత్తెర అల్లుడు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. బావమరిది చెయ్యి నిచ్చెన మీదే ఉంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

"నట్టు ఇరుక్కుంటే ఏం చెయ్యాలో వాళ్ళకేం తెలుసురా? నన్నడగండి. ఒరేయ్, నేనేదో అక్షరాలు చదవడానికి ఇక్కడ కూర్చుంటున్నాననుకున్నారా? ఇవాళ రేసు జరిగే ట్రాకు ఉందే, సరిగ్గా ఆ ట్రాకు మీద కాలు పెట్టినవాణ్ణి నేను!"

"ఎప్పుడు?" అన్నాడు బావమరిది.

"మీ అక్కకి పెళ్ళి కాకముందు. నీకు పళ్ళు రాకముందు. ఆ ఏడాది రేసు టికెట్లన్నీ మా ప్రెస్సులోనే అచ్చేశాం. కట్టలు కట్టి, తీసుకెళ్ళి అప్పజెప్పి రమ్మని మా ఓనరు నన్ను పంపాడు. అంతే. గొప్పేం లేదు, ఉన్నమాట చెప్తున్నా."

అందరూ తలూపారు. ఇంతవరకూ నమ్మొచ్చు. కుర్చీలో నురగాయన కూడా నమ్మినట్టు కళ్ళార్పాడు.

"టికెట్లు ఇచ్చేసి వస్తున్నానా, కార్లు ఆపి చక్రాలు మార్చే చోటు పక్కనుంచే దారి. ఒక కారు వచ్చి ఆగింది. మూడు చక్రాలు ఊడాయి, నాలుగోది ఊడదు! నట్టు బిగుసుకుపోయింది. మిషను పెట్టి తిప్పుతున్నారు, గిర్రుమంటోంది తప్ప కదలదు. డ్రైవరు లోపల్నుంచి అరుస్తున్నాడు. నేనేం చేశాను? నా జేబులో ఎప్పుడూ ఒక సీసపు అక్షరం ఉంటుంది. ఏ మాటలోనూ పడని అక్షరం, పెట్టెలో ఊరికే పడుంటే జాలేసి తెచ్చుకున్నా. దాన్ని నట్టు సందులో దోపి, ఇలా చిటికెన వేలితో ఒక్కటి తట్టా. పాలపన్ను ఊడినట్టు ఊడొచ్చింది!"

"సీసం మెత్తన కదా మామయ్యా? నట్టుని ఎలా ఊడదీస్తుంది?" అన్నాడు దర్జీ.

"మెత్తనిది కాబట్టే ఊడింది. ఇనుముతో ఇనుము మాట్లాడితే గొడవే అవుతుంది. మొండివాడి దగ్గర మెత్తగా మాట్లాడాలోయ్, మీ ఆవిడ నీతో మాట్లాడట్లేదూ?"

బెంచీ గొల్లుమంది. బావమరిది చెయ్యి నిచ్చెన మీంచి తీసి, నవ్వు కనపడకుండా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మామయ్య అది చూశాడు. ఇక చూసుకోండి, గాలిపటానికి దారం వదిలినట్టు వదిలేశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊడిన నట్టు దొర్లుకుంటూ కాలవలో పడింది! ఇంకో నట్టు లేదు. చక్రం ఉంది, బిగించే దారి లేదు. అవతల రేసు నడుస్తోంది. ఆ జట్టు పెద్ద ఉన్నాడే, ఆరడుగుల మనిషి, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు. నాకు కడుపు తరుక్కుపోయింది. 'ఊరుకో నాయనా, పైన దేవుడున్నాడు, కింద నేనున్నాను' అని, చొక్కా చేతులు మడిచి, చక్రం లేని ఆ మూలకి భుజం ఆనించా. 'పోనీవయ్యా!' అన్నా. పోనిచ్చాడు!"

"అంటే... నువ్వూ కారుతో పాటు పరిగెత్తావా?" అన్నాడు దర్జీ.

"పాటు ఏమిట్రా? మూడు చక్రాలు వాళ్ళవి, నాలుగోది నేను!"

కత్తెర అల్లుడు కత్తి గాల్లోనే ఆపేశాడు. నురగాయన బుగ్గ మీద నురగ ఎండి పగుళ్ళిస్తోంది. ఎవరికీ పట్టలేదు.

"నా కాళ్ళకి అప్పుడు రబ్బరు చెప్పులు. జట్టు వాళ్ళు పలక మీద రాసి చూపిస్తున్నారు, 'చెప్పులు మెత్తవా, గట్టివా?' అని. మెత్తవని సైగ చేశా. 'మెత్తవైతే తొందరగా అరుగుతాయి, లోపలికి రా' అని పిలిచారు. వెళ్ళి చూద్దును కదా, మీరు టీవీలో చూశారే, చక్రాల్ని దుప్పట్లో చుట్టి వేడి చేసి ఉంచుతారు? అలా నా కోసం ఒక జత చెప్పుల్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లల్లా పడుకోబెట్టి ఉంచారు! తొడుక్కుంటే ఒళ్ళంతా వెచ్చబడిందంటే నమ్ము. మళ్ళీ పరుగు!"

"సైజు సరిపోయిందా?" అన్నాడు బావమరిది.

"కుడిదాంట్లో కాస్త వేలు పట్టేసింది. ఉన్నమాట చెప్పాలి కదా."

అప్పుడే టీ చెల్లెమ్మ గ్లాసుల పళ్ళెంతో లోపలికొచ్చింది. ఆవిడ పొయ్యి సెలూన్ గుమ్మానికి అవతలే ఉంటుంది. పొయ్యి దగ్గర నుంచి ఆవిడకి అద్దం కనపడదు. తలుపులోంచి ఏటవాలుగా టీవీ కనపడుతుంది. ఏడాదంతా పాలు పొంగకుండా ఒక కన్ను గిన్నె మీద, ఇంకో కన్ను రేసు మీద వేసి చూసింది. ఎవరి పార్టీ అని అడిగితే, "ఎవరు గెలిస్తే ఎక్కువ టీలు తాగుతారో వాళ్ళ పార్టీ" అంటుంది. గ్లాసులు అందిస్తూ గోడకి ఆనుకుని ఆవిడా వినడం మొదలుపెట్టింది. ఇంకో చెవి దొరికేసరికి మామయ్యకి ఇంకో గేరు పడింది.

"రా చెల్లెమ్మా, మంచి పట్టులో వచ్చావు. ఇక్కడ మొదటి మలుపు సంగతి చెప్పాలి. ఆ ట్రాకులో తిన్నటి రోడ్డు అయిపోగానే మొదటి మలుపు ఎడమకి. కళ్ళకి గంతలు కట్టి అడిగినా చెప్తా, ఎడమకే!"

"అవునవును, ఎడమకే. ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే నిన్నటి పోటీలో చూశాం కదా" అన్నాడు దర్జీ.

"ఎడమకే" అన్నాడు కత్తెర అల్లుడు.

బెంచీ బెంచీ మొత్తం ఎడమకే అంది. టీ చెల్లెమ్మ కనుబొమలు మాత్రం ఒకసారి పైకి లేచి, కిందికి దిగాయి.

"నేనేమో ముందు ఎడమ చక్రాన్ని. మలుపు రాగానే ఎడమ భుజం కాస్త వంచితే చాలు, కారు పెంపుడు కుక్కలా నా వెంట తిరిగేది. ఇక డ్రైవరుకి పనేముంది? స్టీరింగు వదిలేసి, చేతులు కట్టుకుని, కాసేపటికి గురక! వాడి గురక వినపడకుండా ఇంజను మోత కాస్త పెంచా. కార్లకి వెనక ఒక రెక్క ఉంటుంది చూశారూ, గాలికి లేచిపోకుండా? మా దాని రెక్క ఎప్పుడో విరిగింది. అప్పుడేం చేశా? పరిగెడుతూనే నా చొక్కా వెనక భాగం ఎత్తి పట్టుకున్నా. అదే రెక్క!"

"ఒక భుజం మీద కారు, ఒక చేత్తో చొక్కా" అన్నాడు బావమరిది.

"ఇంకో చెయ్యి ఖాళీయే. దాంతో జనానికి టాటా చెప్తున్నా."

నవ్వుకి బెంచీ ఊగింది. బావమరిది నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాడు. మామయ్యకి స్టూలు దక్కినట్టే అనిపించింది. అక్కడ ఆపి ఉంటే దక్కేదేమో కూడా. అయితే ఆగమని చెప్పే నరం నాలుకలో లేదని ముందే మనవి చేశాను కదా.

"అసలు సంగతి ఇప్పుడుంది. ఒక్కొక్క కారునీ దాటుకుంటూ పోతున్నాం. అందర్నీ దాటేశాం. ముందు రోడ్డంతా ఖాళీ. అయినా వేగం తగ్గించలా. ఇంతలో దూరంగా ఇంకో కారు. దాని ముందు మూల ఎవడో మనిషి పరిగెడుతున్నాడు! ఎవడీ మొనగాడు, నాలాగే చక్రమై పరిగెడుతున్నాడు అనుకుని ఇంకాస్త ఊపందుకున్నా. దగ్గరికి పోయి చూద్దును కదా, తడిసిన చొక్కా ఎత్తి పట్టుకున్నాడు, కుడి చెప్పు కాస్త లాగుతున్నాడు. ఒరేయ్! అది నా వీపే!"

దర్జీ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నీ... వీపా?"

"నా వీపే! అంత వేగంగా పోయి, నా వెనక నుంచి నన్ను నేనే అందుకున్నా! ట్రాకు పక్కన జెండాలవాడు తికమకపడిపోయాడు. నెమ్మదిగా పోయేవాడికి, వెనకాల వేగంగా వచ్చేవాడికి దారివ్వమని నీలం జెండా ఊపుతారు కదా? నాకు దారివ్వమని నాకే ఊపాడు! ముందున్న నేను మర్యాదస్థుణ్ణి కాబట్టి కాస్త పక్కకి జరిగా. వెనకున్న నేను దాటేశా."

"ఎటు నుంచి దాటావు మామయ్యా?" దర్జీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"అదేం ప్రశ్నోయ్? సరిగ్గా మొదటి మలుపు దగ్గర. మలుపు ఎడమకి కదా, లోపలి నుంచి ఎడమగా దూరిపోయా!"

"అన్నయ్యా" అంది టీ చెల్లెమ్మ, ఖాళీ గ్లాసులు పళ్ళెంలో సర్దుకుంటూ. "ఆ మలుపు కుడికి."

"ఏంటి?"

"కుడికన్నయ్యా. నిన్నా చూశాను, ఇవాళా చూస్తున్నాను. అదిగో, రేసు ముందు కార్లన్నీ ఊరికే ఒక చుట్టు తిరుగుతున్నాయి. నమ్మకపోతే మీరే చూడండి. అద్దంలోకి కాదు, టీవీలోకి!"

అప్పుడు జరిగింది ఆ వింత. ఏడాదంతా ఆ బెంచీ మీద కూర్చున్న జనం మొట్టమొదటిసారి లేచి నిలబడి, వెనక్కి తిరిగి, మెడలు ఎత్తి అసలు టీవీని చూశారు. నురగాయన కుర్చీతో సహా తిరిగాడు. తిన్నటి రోడ్డు అయిపోయింది. పసుపు కారు, ఊదా కారు, వాటి వెనక మిగతావన్నీ ఒకదాని వెంట ఒకటి, బుద్ధిగా కుడికి తిరిగాయి.

"ఓరి దేవుడోయ్" అన్నాడు కత్తెర అల్లుడు. "ఏడాదంతా మనం చూసిన రేసులన్నీ తిరగబడ్డవేనా?"

"అక్షరాలైతే తిప్పి చదివావు గానీ, రోడ్డు తిప్పడం మర్చిపోయావన్నయ్యా" అంది టీ చెల్లెమ్మ. "నువ్వు ఆ ట్రాకు మీదికి వెళ్ళలేదు. ఆ అద్దంలోకి వెళ్ళావు."

షాపు పగిలిపోయేలా నవ్వారు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఓరకంట చూశాడు. బావమరిది నవ్వుతూనే నిచ్చెన ఎక్కుతున్నాడు. ఒక మెట్టు. ఇంకో మెట్టు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. స్టూలు కాళ్ళకి పెనవేసిన మామయ్య కాళ్ళు ఇంకా బిగుసుకున్నాయి.

"ఆగండ్రా!" అన్నాడు. "పూర్తిగా చెప్పనిస్తే కదా! మలుపు కుడికే. కాదన్నానా? అయితే నేను ఆ చుట్టంతా కారుకి ఎదురుగా మొహం పెట్టి, వెనక్కి పరిగెత్తాను. వెనక్కి పరిగెత్తేవాడికి కుడి ఏమవుతుంది? ఎడమవుతుంది! అందుకే ఎడమన్నా."

దర్జీ చప్పట్లు కొట్టాడు. కత్తెర అల్లుడు "అబ్బ!" అన్నాడు. నిచ్చెన మీద బావమరిది కూడా ఆగి, లెక్క సరిపోయిందా లేదా అని వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. సరిపోయింది.

టీ చెల్లెమ్మ పళ్ళెం చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"మరి వెనక్కి పరిగెడుతుంటే, ముందున్న నీ వీపు నీకెలా కనపడిందన్నయ్యా?"

మామయ్య నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఆ షాపులో అందరూ ఆయన్ని చూసినన్నాళ్ళలో, ఆ నోట్లోంచి ఏమీ రాకపోవడం అదే మొదలు. చివరికి చేతిలో ఉన్న టీ గ్లాసు దానికి ఆనించి, ఒక్క గుక్కలో తాగేశాడు.

"అయ్యిందా? ఇక దించేస్తున్నా బావా" అన్నాడు బావమరిది. ఊరికే ఉండక, టీవీకి దగ్గరగా ఉన్నాడు కదా అని, తెర మీద అక్షరాలు పైకి చదివాడు: "మొదటి వరసలో పసుపు. రెండో వరసలో ఊదా. రోడ్డు ఉష్ణోగ్రత ఎక్కువ. గాలి తక్కువ."

షాపు చప్పబడిపోయింది.

అప్పుడు, అంతసేపూ పెదవి విప్పని నురగాయన నోరు తెరిచాడు. ఎండిన నురగ పెచ్చులుగా రాలింది.

"బాబూ, నువ్వు చదువుతుంటే కరెంటు బిల్లు విన్నట్టుంది. ఆ పెద్దాయన చదివితేనే నేనిక్కడ కూర్చుంటా. లేదా, ఇలాగే సగం గడ్డంతో లేచి ఇంటికి పోతా. ఏ షాపులో గీశారని మా ఆవిడ అడిగితే, పేరు చెప్పేస్తా."

కత్తెర అల్లుడు బావమరిదిని చూశాడు. స్టూలుని చూశాడు. దాన్ని చుట్టుకున్న ఆ సన్నటి కాళ్ళని చూశాడు.

"దిగరా" అన్నాడు. "టీవీ అక్కడే ఉండనీ. తువ్వాళ్ళు నా భుజం మీదే వేసుకుంటాలే. మామయ్యా, మొదలెట్టు. రేసు మొదలుపెట్టే దీపాలు వెలుగుతున్నాయి."

అందరూ కూర్చున్నారు. టీవీకి వీపు తిప్పి, అద్దం వైపే. తిన్నటిది ఒకసారి చూశారుగా, సరదా తీరిపోయింది.

మామయ్య స్టూలు మీద నిటారుగా కూర్చుని, మనసులో ఆ పైవాడికి ఒక దణ్ణం పెట్టుకున్నాడు. అద్దంలో ఎర్ర దీపాలు ఆరిపోయాయి.

"కదిలారు! పసుపువాడు ముందు, ఊదావాడు వాడి నీడలో దాక్కుని వస్తున్నాడు, పిల్లిలా వస్తున్నాడు, తిన్నటి రోడ్డు అయిపోతోంది, వచ్చేసింది మొదటి మలుపు, అందరూ ఒక్కసారిగా..."

ఆగాడు. మెల్లగా గుమ్మం వైపు చూశాడు. బయట పొయ్యి దగ్గర టీ చెల్లెమ్మ, పాల గిన్నె మీంచి కన్ను తియ్యకుండానే, టీ వడపోసే గుడ్డతో కుడి చెయ్యి పైకెత్తింది.

"కుడికి!" అని గర్జించాడు మామయ్య, ఆ రోడ్డు తనే దగ్గరుండి వేయించినంత ధీమాగా.